రక్తవర్గముల పొంతన

వివాహసంబంధము కుదుర్చుకొనునప్పుడు గోత్రములను, జాతకములను, ఇరువైపులవారి నడవడిని విచారించుట పెద్దలనుండి వచ్చుచున్న ఆచారము. నేడు ఆ కాగితములతోపాటు మరియొక చిన్న కాగితము కూడ చేతులు మారుచున్నది. అది రక్తపరీక్ష చీటి. దానిలో ఉండునది ఒకటి రెండు అక్షరములు, వాని ప్రక్కన ఒక ధనచిహ్నమో ఋణచిహ్నమో మాత్రమే. కాని ఆ అక్షరములను సరిగా చదువలేకపోవుటచే కొన్ని ఇండ్ల మనశ్శాంతి చెడుచున్నది. వానిని సరిగా చదివినచో ప్రాణములే నిలుచును.

ఒక ఇంటిని ఊహించుకొందము. భర్తది ఎ వర్గము, భార్యది బి వర్గము. పుట్టిన బిడ్డకు పరీక్ష చేయగా ఓ వర్గమని తేలినది. ఇంటిలో ఒక పెద్దమ్మగారు చీటిని విని, "తండ్రిదీ కాదు, తల్లిదీ కాదు, ఇదెక్కడి రక్తము?" అని అన్నది. ఆ ఒక్క మాటతో కోడలి కంట నీరు పెట్టినది, ఇంట అన్నము సహింపకపోయినది. ఆ పెద్దమ్మగారి లెక్క తప్పు. కోడలు నిర్దోషి. అది ఎట్లో తెలియవలెనన్న రక్తవర్గముల సంగతి మొదటినుండి తెలిసికొనవలెను.

కనుగొన్న విధము

ఒకరి రక్తమును మరియొకరికి ఎక్కించు ప్రయత్నములు చాలకాలముగా జరిగినవి. కొందరు బ్రతికిరి, కొందరు మరణించిరి. కారణము ఎవరికిని తెలియలేదు. ఆస్ట్రియా దేశమునందలి వియన్నా నగరములో కార్ల్ లాండ్‌స్టైనర్ అను వైద్యశాస్త్రజ్ఞుడు తనతో పనిచేయువారి రక్తములను తీసి, ఒకరి కణములను మరియొకరి రసముతో కలిపి చూచెను. కొన్ని కలయికలలో కణములు గడ్డలు కట్టెను, కొన్నిటిలో కట్టలేదు. దీనినిబట్టి మనుష్యుల రక్తము ఒకే విధమైనది కాదని 1901లో ఆయన ప్రకటించెను. మొదట మూడు వర్గములే తెలిసినవి. నాల్గవదైన ఎబి వర్గమును 1902లో ఆయన సహచరులు కనుగొనిరి. ఈ కృషికి లాండ్‌స్టైనర్‌కు 1930లో నోబెల్ బహుమానము లభించెను. ఆయన జన్మదినమైన జూన్ 14ను 2004 నుండి ప్రపంచ రక్తదాతల దినముగా జరుపుచున్నారు.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున హిర్ష్‌ఫెల్డ్ దంపతులు సలోనికా ప్రాంతమున చేరిన పలుదేశముల సైనికుల రక్తమును పరీక్షించి 1919లో ఫలితములు ప్రకటించిరి. ఐరోపావారిలో ఎ వర్గము హెచ్చుగాను, భారతీయులలో బి వర్గము హెచ్చుగాను కనబడెను. నేటికిని మన దేశమున ఓ, బి వర్గములవారే అధికులు. తరువాత ఎ వర్గమువారు, అందరికంటె తక్కువ ఎబి వర్గమువారు.

అక్షరముల అర్థము

రక్తమునందు ముఖ్యముగా రెండు భాగములు కలవు. ఒకటి ఎర్రకణములు, రెండవది వానిని తేల్చు పసుపుపచ్చని రసము. దీనినే ప్లాస్మా అందురు. ఎర్రకణము పైభాగమున కొన్ని గుర్తులుండును. దుకాణమునుండి పోవు బస్తాలపై వర్తకుడు వేయు మార్కా వంటివని చెప్పవచ్చును. ఎ అను మార్కా గల కణములవారు ఎ వర్గము. బి మార్కా గలవారు బి వర్గము. రెండును గలవారు ఎబి. రెండును లేనివారు ఓ.

రసములో కావలివాండ్రవంటి పదార్థములున్నవి. వీనికి ప్రతిరక్షకములని పేరు. తన కణములపై లేని మార్కా ఏదైన లోనికి వచ్చినచో ఇవి దానిని శత్రువుగా నెంచి పట్టుకొనును. ఎ వర్గమువారి రసమున బి మార్కాను పట్టు కావలివాండ్రు ఉందురు. బి వర్గమువారిలో ఎ మార్కాను పట్టువారు ఉందురు. ఓ వర్గమువారిలో రెంటిని పట్టువారును ఉందురు. ఎబి వర్గమువారిలో ఎవరును ఉండరు.

ఎవరి రక్తము ఎవరికి?

ఇది తెలిసినచో మిగిలినది వర్తకుల ఇంటి బిడ్డలకు సులభమైన లెక్కయే. ఎర్రకణముల విషయమున, ఓ వర్గపు కణములపై మార్కా లేదు గనుక అవి నాలుగు వర్గములవారికిని చెల్లును. ఎ వర్గపు కణములు ఎ వారికి, ఎబి వారికి చెల్లును. బి వర్గపు కణములు బి వారికి, ఎబి వారికి చెల్లును. ఎబి వర్గపు కణములు ఎబి వారికే చెల్లును. పుచ్చుకొనువారి వైపునుండి చూచినచో ఎబి వారు ఎవరివైనను పుచ్చుకొనవచ్చును, ఓ వారు ఓ కణములనే పుచ్చుకొనవలెను.

ప్లాస్మా విషయమున లెక్క తలక్రిందులగును. ఎబి వారి రసమున కావలివాండ్రు లేరు గనుక అది అందరికిని పనికివచ్చును. ఓ వారి రసము ఓ వారికి మాత్రమే తగినది. ఇప్పుడు రక్తనిధులందు ఒక దాత ఇచ్చిన రక్తమును కణములు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు అని విడదీసి వేరువేరు రోగులకు ఇచ్చుచున్నారు. కావున ఒక్క దానము ఇద్దరు ముగ్గురికి ఉపకరించును.

దీనికి తోడు ఆర్‌హెచ్ అను మరియొక మార్కా కలదు. 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ అనువారు దీనిని ప్రకటించిరి. అది ఉన్నవారు ధనవర్గమువారు, లేనివారు ఋణవర్గమువారు. మన దేశమున ఋణవర్గమువారు నూటికి సుమారు ఐదారుగురు మాత్రమే. ఐరోపా సంతతివారిలో నూటికి సుమారు పదునైదుగురు. ఋణవర్గము వారికి, ముఖ్యముగా స్త్రీలకు, ఋణరక్తమే ఎక్కించవలెను.

వర్గము కలిసినదని చీటి చూచి ఏ వైద్యుడును రక్తమును ఎక్కింపడు. రోగి రక్తమును, సీసాలోని రక్తమును కలిపి చివరి పరీక్ష చేసిన పిమ్మటనే ఎక్కించుదురు. కావున ఆసుపత్రిలో "మాకు గ్రూపు తెలియును, త్వరగా ఇండు" అని తొందరపెట్టుట తగదు.

తల్లిదండ్రులనుండి బిడ్డకు

రక్తవర్గములు వంశానుగతములని ఫాన్ డుంగెర్న్, హిర్ష్‌ఫెల్డ్ అనువారు 1910లో చూపిరి. అవి సంక్రమించు సరియైన లెక్కను బెర్న్‌స్టైన్ అను గణితశాస్త్రజ్ఞుడు 1924లో కట్టెను.

ప్రతి మనిషి రక్తవర్గపు ఖాతాలో రెండు పద్దులుండును. ఒకటి తండ్రి వ్రాసినది, ఒకటి తల్లి వ్రాసినది. ఆ పద్దు ఎ కావచ్చు, బి కావచ్చు, ఓ కావచ్చు. ఎ, బి అను పద్దులు ఎప్పుడును పైకి కనబడును. ఓ అను పద్దు వాని చాటున దాగియుండును. రెండు పద్దులును ఓ అయినప్పుడే అది పైకి తేలును. కావున ఎ వర్గమువాడనగా ఖాతాలో ఎ, ఎ అను రెండు పద్దులైన ఉండవచ్చును. ఎ, ఓ అను పద్దులైన ఉండవచ్చును. చీటిలో మాత్రము రెంటికిని ఎ అనియే వ్రాయుదురు.

ఇప్పుడు పై ఇంటి సంగతి చూడుడు. భర్త ఖాతాలో ఎ, ఓ ఉన్నవి. భార్య ఖాతాలో బి, ఓ ఉన్నవి. తండ్రి తన రెండు పద్దులలో ఒకదానినే బిడ్డకు ఇచ్చును, తల్లియు అట్లే. తండ్రి ఎ, తల్లి బి ఇచ్చినచో బిడ్డ ఎబి. తండ్రి ఎ, తల్లి ఓ ఇచ్చినచో బిడ్డ ఎ. తండ్రి ఓ, తల్లి బి ఇచ్చినచో బిడ్డ బి. ఇద్దరును ఓ ఇచ్చినచో బిడ్డ ఓ. ఈ నాలుగును సమానముగా సంభవింపదగినవి. ఆ బిడ్డ రక్తము ఎక్కడినుండియో రాలేదు. తాతముత్తాతలనాటినుండి రెండు వంశములలో దాగియున్న పద్దు ఆ బిడ్డలో పైకి వచ్చినది. పెద్దమ్మగారి ఖాతాలో కూడ ఆ పద్దు ఉన్నదేమో!

తల్లిదండ్రుల వర్గములనుబట్టి బిడ్డలకు రాదగినవి ఇవి:

ఓ, ఓ అయినచో: ఓ మాత్రమే.
ఓ, ఎ అయినచో: ఓ లేక ఎ.
ఓ, బి అయినచో: ఓ లేక బి.
ఓ, ఎబి అయినచో: ఎ లేక బి.
ఎ, ఎ అయినచో: ఎ లేక ఓ.
బి, బి అయినచో: బి లేక ఓ.
ఎ, బి అయినచో: నాలుగింటిలో ఏదైనను.
ఎ, ఎబి అయినచో: ఎ, బి, లేక ఎబి.
బి, ఎబి అయినచో: ఎ, బి, లేక ఎబి.
ఎబి, ఎబి అయినచో: ఎ, బి, లేక ఎబి.

ఆర్‌హెచ్ విషయమునను ఇదే న్యాయము. ధనపు పద్దు పైకి కనబడును, ఋణపు పద్దు దాగును. కావున ధనవర్గపు దంపతులకు ఋణవర్గపు బిడ్డ పుట్టుటలో వింత లేదు. ఇద్దరును ఋణవర్గమువారైనచో బిడ్డలందరును ఋణవర్గమువారే.

బొంబాయి వర్గము – కంధమాల్ కొండలు

పై పట్టికకు సరిపడని ఫలితము వచ్చినచో ఏమనుకొనవలెను? మొదట చీటి తప్పేమోనని మరల పరీక్ష చేయింపవలెను. పేర్లు తారుమారగుట, సీసాలు మారుట లోకమున ఉన్నవే. రెండవసారియు అదే ఫలితము వచ్చినచో తెలిసికొనదగినది బొంబాయి వర్గము.

1952లో బొంబాయి నగరమున వై. ఎం. భేండే అను వైద్యుడును, ఆయన సహచరులును ఒక వింత రక్తమును కనుగొనిరి. మామూలు పరీక్షలో అది ఓ వర్గమువలె కనబడెను. కాని ఓ వర్గపు రక్తమును కూడ అది సహింపలేదు. కారణమేమనగా, ఎ, బి మార్కాలు వేయుటకు ముందు కణముపై హెచ్ అను అడుగుపూత ఒకటి ఉండవలెను. ఓ వర్గమువారికి ఈ పూత మాత్రమే ఉండును. కొందరిలో ఈ పూతయే ఏర్పడదు. పూత లేనిదే మార్కా అంటదు గనుక, ఖాతాలో ఎ లేక బి పద్దున్నను పైకి కనబడదు. ఇట్టివారి రసము హెచ్ పూతనే శత్రువుగా నెంచును. కావున వారికి బొంబాయి వర్గపు రక్తము తప్ప మరేదియు పనికిరాదు. మన దేశమున పదివేలమందిలో సుమారు ఒకరు ఇట్టివారని అంచనా.

ఈ విషయము బరంపురమునకు దూరమైనది కాదు. గంజాం జిల్లాను ఆనుకొనియున్న కంధమాల్ జిల్లా కొండలలో నివసించు కుటియా కంధులలో ఈ వర్గమువారున్నట్లు భువనేశ్వరములోని ప్రాంతీయ వైద్యపరిశోధన కేంద్రమునకు చెందిన ఆర్. ఎస్. బాల్గీర్ 2005లో ప్రకటించెను. పిమ్మట వాయవ్య ఒడిశాలోని భుయ్యాలలోను ఈ వర్గము కనబడెను. కంధమాల్ రోగులు పెద్ద వైద్యమునకై దిగివచ్చునది బరంపురమునకే. 1962లో ఇచట స్థాపితమై, పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేర వెలసిన వైద్యకళాశాల ఆసుపత్రి దక్షిణ ఒడిశాకంతటికిని పెద్ద దిక్కు. ఇచ్ఛాపురము వైపు తెలుగువారును దీనిని ఆశ్రయింతురు.

కణములపై మార్కాను మాత్రమే చూచు పరీక్షలో ఈ వర్గము దొరకదు. రోగి రసమును ఓ వర్గపు కణములతో కలిపి చూచినప్పుడు గడ్డకట్టినచో రహస్యము బయటపడును. అట్టి వర్గమని తేలినవారు ఆ సంగతిని చీటిపై వ్రాయించుకొని వెంట ఉంచుకొనవలెను. తోబుట్టువులలో నలుగురిలో ఒకరికి అదే వర్గము ఉండుటకు అవకాశము కలదు గనుక వారిని కూడ పరీక్షింపవలెను.

ఇట్లు రెండు పద్దులును దాగినవైనప్పుడే పైకి వచ్చు లక్షణములు దగ్గరి రక్తసంబంధము గల వివాహములందు హెచ్చుగా బయటపడును. తెలుగునాట మేనమామ, మేనత్త కొడుకు సంబంధములు వాడుకలో ఉన్నవి. ఉత్తరదేశమునుండి వచ్చిన జైన కుటుంబములు గోత్రములు విడిచి చేసికొందురు. ఇది మంచి ఆచారమే. అయినను గోత్రము తండ్రి వరుసను మాత్రమే చెప్పును. తల్లి వైపున, అమ్మమ్మ వైపున ఉన్న చుట్టరికమును అది చెప్పదు. కొద్ది కుటుంబముల మధ్యనే సంబంధములు తిరుగుచోట ఆ వరుసలను కూడ విచారింపవలెను.

వధూవరుల చీటి

"వధూవరులిద్దరిది ఒకే గ్రూపు అయినచో సంతానము కలుగదు, కలిగినను నిలువదు" అను మాట పలుచోట్ల వినబడుచున్నది. ఇది నిరాధారము. ఒకే వర్గపు దంపతులకు దానివలన ఏ హానియు లేదు. ఈ కారణముచే సంబంధము విడుచుట అజ్ఞానము.

జాగ్రత్తపడవలసినది ఒక్కచోట: భార్య ఋణవర్గము, భర్త ధనవర్గము అయినప్పుడు. అప్పుడు గర్భస్థశిశువు ధనవర్గము కావచ్చును. ప్రసవసమయమున శిశువు రక్తము కొంత తల్లి రక్తములో కలిసినచో తల్లి శరీరము ఆ మార్కాపై కావలివాండ్రను తయారుచేసికొనును. మొదటి బిడ్డకు సాధారణముగా ఆపద రాదు. తరువాతి బిడ్డ ధనవర్గమైనచో ఆ కావలివాండ్రు మాయదాటి శిశువు కణములను చంపుదురు. కామెర్లు, రక్తహీనత, గర్భములోనే మరణము సంభవింపవచ్చును. పూర్వము "రెండవ కాన్పు నుండి బిడ్డలు దక్కుట లేదు" అని ఏ గ్రహమునకో, ఏ దృష్టికో ముడిపెట్టిన దుఃఖములలో కొన్నిటికి ఇదియే కారణమై ఉండును.

1968 నుండి దీనికి విరుగుడు వాడుకలోనికి వచ్చినది. ఆంటి-డి అను సూదిమందును గర్భము 28వ వారమున ఒకసారి, ధనవర్గపు బిడ్డ పుట్టిన 72 గంటలలోపల మరియొకసారి ఇచ్చినచో తల్లి శరీరమున కావలివాండ్రు పుట్టకుండ కాపాడవచ్చును. గర్భస్రావమైనను ఈ మందు వేయింపవలెను. దీనిని చాలమంది మరతురు. సాధారణముగా ఇది దాతలైన మనుష్యుల రక్తరసమునుండి తయారగును. కావున కోడలు ఋణవర్గమని తెలిసినచో సంబంధము వదలుకొననక్కరలేదు. గర్భమైన తొలినెలలలోనే వైద్యునకు చెప్పి, కాన్పునకు ముందే మందును, ఋణరక్తపు దాతలను సిద్ధముగా ఉంచుకొన్న చాలును.

వివాహమునకు ముందు పరీక్షింపదగినది మరియొకటి కలదు. థాలసీమియా, సికిల్‌సెల్ అను వ్యాధుల దాగిన పద్దు ఉన్నదా అని చూచు పరీక్ష అది. సింధీ, పంజాబీ, కచ్ఛీ సముదాయములందు థాలసీమియా పద్దు హెచ్చు. ఒడిశాలో, ముఖ్యముగా పశ్చిమ జిల్లాలలో, సికిల్‌సెల్ హెచ్చు. దాగిన పద్దు ఒకరికే ఉన్నచో భయము లేదు. ఇద్దరికిని అదే పద్దు ఉన్నచో ప్రతి కాన్పునను నాలుగింట ఒక వంతు బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము కలదు. రక్తవర్గపు చీటికంటె ఈ చీటియే అవసరమైనది.

స్వజనుల రక్తము

"మా రక్తమే మా నాన్నకు ఎక్కించుడు, పరాయి రక్తము వద్దు" అని కొడుకులు పట్టుబట్టుట ప్రేమచేతనే. కాని శాస్త్రము వేరుగా చెప్పుచున్నది. తండ్రికి బిడ్డలు, బిడ్డలకు తల్లిదండ్రులు, అన్నకు తమ్ముడు ఇచ్చిన రక్తములో తెల్లకణములు రోగి శరీరమున తిష్ఠవేసి ప్రాణాంతకమైన వ్యాధిని కలిగింపవచ్చును. ఇది అరుదు, కాని వచ్చినచో తప్పించుకొనుట కష్టము. అందుచే తప్పనిసరియైనచో అట్టి రక్తమును కిరణములచే శుద్ధిచేసి ఎక్కించుదురు. ఇంకను సంతానము కోరు భార్యకు భర్త రక్తమును ఇయ్యకుండుటయు మేలు. సంబంధములేని దాత ఇచ్చిన, పరీక్షింపబడిన రక్తమే శ్రేష్ఠము. కొడుకు తన రక్తమును రక్తనిధికి ఇచ్చి, అది మరియొకరి తండ్రికి చేరినచో ఋణము తీరినట్లే.

దానధర్మము

ఒకప్పుడు మన దేశమున రక్తమును అమ్ముకొనువారుండిరి. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ననుసరించి 1998 జనవరి 1 నుండి రక్తవిక్రయము నిషిద్ధమైనది. నేడు రక్తము దానముగా మాత్రమే లభింపవలెను. ఆహార, ఔషధ, శాస్త్ర, అభయదానములని జైనధర్మము నాలుగు దానములను చెప్పుచున్నది. రక్తదానమునందు ఔషధదానము, అభయదానము రెండును కలవు. తేరాపంథ్ యువక పరిషత్ 2014 సెప్టెంబరు 6న దేశమంతట నడపిన శిబిరములలో ఒక్క దినమున లక్షకు పైగా యూనిట్లు సేకరింపబడుట జైన యువకులకు ఆదర్శము.

18 నుండి 65 ఏండ్ల వయస్సు గల ఆరోగ్యవంతులు, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హీమోగ్లోబిన్ ఉన్నచో రక్తమీయవచ్చును. అరువదియేండ్లు దాటినవారు మొదటిసారి దాతలు కాగూడదు. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి ఇయ్యవచ్చును. తీయునది 350 మిల్లీలీటర్లు. 55 కిలోలు దాటినవారినుండి 450. పోయిన రసము ఒకటి రెండు దినములలోను, కణములు కొన్ని వారములలోను తిరిగి చేరును.

తపస్సు చేయువారు ఒక సంగతి గమనింపవలెను. ఉపవాసదినమున రక్తమీయగూడదు. పర్యూషణపర్వమున దీర్ఘోపవాసము చేసినవారు పారణ చేసిన వెంటనే ఈయక, ఒంటికి బలము చేరిన పిమ్మట ఈయవలెను. సూర్యాస్తమయము తరువాత నీరు ముట్టనివారు ఉదయమున భుజించి రక్తమిచ్చినచో, పగలంతయు తగినంత నీరు త్రాగుటకు వీలగును. శిబిరములు నిర్ణయించు సంఘపెద్దలు ఈ విషయములను దృష్టియందుంచుకొనుట మంచిది. సికింద్రాబాదునుండియో, కటకమునుండియో రక్తము తెప్పించుకొను పరిస్థితి రాకుండ, ప్రతి కుటుంబమువారు తమ సభ్యుల వర్గములను ఒక పుస్తకమున వ్రాసి సంఘము వద్ద ఉంచినచో, ముఖ్యముగా ఋణవర్గమువారి పేర్లు వేరుగా గుర్తించినచో, అర్ధరాత్రివేళ కాన్పు కష్టమైన ఇంటికి అదే పెద్ద ఆధారము.

దీపావళినాడు క్రొత్త ఖాతాపుస్తకమునకు పూజచేయునప్పుడు ప్రక్కన ఈ చిన్న పుస్తకమును కూడ ఉంచుదురుగాక. ఒక ఖాతాలో లాభనష్టములుండును. ఈ ఖాతాలో ఇచ్చినది నష్టము కాదు, పుచ్చుకొన్నది అప్పు కాదు. ఎ, బి, ఓ అను అక్షరములు కులమును చూడవు, మతమును చూడవు, కొండను, మైదానమును చూడవు. బడాబజారు వర్తకుని రక్తము కంధమాల్ కూలివానిని బ్రతికించును. కూలివాని రక్తము వర్తకుని బిడ్డను బ్రతికించును. జీవులు ఒండొరులకు తోడ్పడుటయే వాని ధర్మమని పూర్వాచార్యులు చెప్పినదానికి ఇంతకన్న నిదర్శనము వేరొకటి వలయునా?